తిరిగొచ్చే తీగ ఎక్కడుంది?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. కరెంటు పోయే తిన్నని తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంత ఉంటుందో లెక్కకట్టే సూత్రం క్లాసులో చెప్పారు. దాన్ని ఇంట్లో సరిచూద్దామని నాన్న మెకానిక్ షెడ్డులోంచి 12 వోల్టుల బ్యాటరీ, బైకు హెడ్‌లైట్ బల్బు తీసుకుని ట్విన్ వైరుతో కలిపాను. మల్టీమీటర్ 3 ఆంపియర్లు చూపించింది. వైరును దిక్సూచికి 2 సెంటీమీటర్ల పైన, ఉత్తర దక్షిణాలుగా పెట్టాను. లెక్క ప్రకారం 30 మైక్రోటెస్లా రావాలి. సూది మాత్రం కదల్లేదు. పొలంలో మోటారు కేబుల్ దగ్గర ఫోన్‌లో దిక్సూచి యాప్ పెట్టి చూసినా అంతే. ఇంకో సంగతి, చతురస్రం కేంద్రం దగ్గర క్షేత్రం కనుక్కోమన్న లెక్కలో ఇదే సూత్రాన్ని 4తో గుణిస్తే జవాబు తప్పు వస్తోంది. మా ఇంటికి 50 మీటర్ల దూరంలో 132 కేవీ లైను పోతుంది. దాని వల్ల ఏమన్నా అవుతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. దాన్ని కూడా ఈ సూత్రంతోనే లెక్కేయొచ్చా? చివరగా ఒక చిన్న డౌటు. సూత్రంలో దూరాన్ని తీగ అంచు నుంచి కొలవాలా, మధ్య నుంచా? – ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, సూత్రం తప్పు కాదు, నువ్వు వేసిన లెక్కా తప్పు కాదు. 2 × 10⁻⁷ ని 3 ఆంపియర్లతో గుణించి 0.02 మీటర్లతో భాగిస్తే 3 × 10⁻⁵ టెస్లా, అంటే సరిగ్గా 30 మైక్రోటెస్లా. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం దాదాపు 40 మైక్రోటెస్లా. భూమి సూదిని ఉత్తరానికి లాగుతుంది, తీగ దాన్ని పక్కకు లాగుతుంది. రెండు లాగుళ్లూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి కాబట్టి సూది తిరిగే కోణానికి టాంజెంట్ 30 ÷ 40. అంటే 0.75. కోణం 37 డిగ్రీలు. నీకు బాగా తెలిసిన 3-4-5 త్రిభుజమే ఇది. అంత కోణం తిరిగితే గది అవతలి నుంచి కూడా కనిపిస్తుంది. అలాంటిది అసలు కదల్లేదంటే నీ దిక్సూచి ఉన్న చోట 30 మైక్రోటెస్లా లేదన్నమాట.

ఎందుకు లేదో నీ ఉత్తరంలోనే ఉంది. ట్విన్ వైరు వాడానన్నావు. అందులో రెండు కోర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో కరెంటు బ్యాటరీ నుంచి బల్బుకు పోతుంది, రెండోదాంట్లో అదే కరెంటు బల్బు నుంచి వెనక్కి వస్తుంది. నువ్వు లెక్క వేసింది ఒక్క తీగకు. దిక్సూచి మీద పెట్టింది ఎదురెదురు కరెంట్లున్న రెండు తీగలను.

పాఠ్యపుస్తకంలో బొమ్మ చూడు. నిలువుగా ఒక గీత, పక్కన బాణం గుర్తు, చుట్టూ వలయాలు. గీత పైన ఎక్కడికి పోతుందో, కింద ఎక్కడి నుంచి వస్తుందో బొమ్మలో ఉండదు. నిజంగా అలాంటి తీగ ప్రపంచంలో ఎక్కడా లేదు. కరెంటు ఎక్కడ బయల్దేరిందో అక్కడికి తిరిగి రావాల్సిందే. మిగతా సర్క్యూట్ అంతా చాలా దూరంలో ఉంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు అన్న షరతు ఆ సూత్రంలోనే దాగి ఉంది. పరీక్షల తొందరలో క్లాసులో ఆ షరతును పెద్దగా చెప్పరు. నువ్వు అడిగిన వాటిలో చివరి చిన్న డౌటు తప్ప మిగతావన్నీ ఈ ఒక్క చోటే చిక్కుకున్నాయి. అందుకే అంకెలు పెట్టే ముందు ఒకసారి అడుగు: ఈ కరెంటు తిరిగొచ్చే దారి ఎక్కడుంది?

ముందు ట్విన్ వైరు సంగతి పూర్తి చేద్దాం. ఎదురెదురు దిశల్లో ఒకే కరెంటు పోయే రెండు పొడవైన తీగలకు చక్కని సూత్రం ఒకటుంది. ఒక తీగకు వేసే లెక్కలో దూరంతో ఒకసారి భాగిస్తాం కదా. ఇక్కడ మొదటి తీగ నుంచి దూరంతో ఒకసారి, రెండో తీగ నుంచి దూరంతో ఇంకోసారి భాగించి, రెండు తీగల మధ్య ఎడంతో గుణించాలి. నీ వైరులో కోర్ల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. 2 × 10⁻⁷ × 3 × 0.003 ని 0.02తో రెండుసార్లు భాగిస్తే 4.5 మైక్రోటెస్లా. 30 ఉండాల్సిన చోట నాలుగున్నర మిగిలింది.

మరి ఆ నాలుగున్నరకైనా సూది 6 డిగ్రీలు తిరగాలిగా అని నువ్వు అడగొచ్చు. తిరగదు, ఎందుకంటే దిశ కూడా చూడాలి. ట్విన్ వైరును చెక్క మీద ఆనించినట్టు వెడల్పుగా పడుకోబెడితే రెండు కోర్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. వాటి సరిగ్గా మధ్యన, కింద ఉన్న బిందువు దగ్గర అడ్డంగా ఉండే భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నిలువు భాగాలు కలుస్తాయి. మిగిలిన 4.5 మైక్రోటెస్లా నిట్టనిలువుగా ఉంటుంది. దిక్సూచి సూది అడ్డంగా మాత్రమే తిరగగలదు, నిలువు లాగుడు దానికి తెలియదు. అందుకే నీకు సున్నా కనిపించింది. ఇప్పుడు అదే వైరును అంచు మీద నిలబెట్టు, ఒక కోరు పైన, ఒక కోరు కింద వచ్చేలా. క్షేత్రం అడ్డానికి తిరుగుతుంది. సూది ఆరు, ఆరున్నర డిగ్రీలు కదలాలి. చిన్న కదలికే అయినా చూడదగ్గది. వైరు మారలేదు, కరెంటు మారలేదు, పక్కకు దొర్లించామంతే.

ఆ తర్వాత అసలు ప్రయోగం చెయ్యి. ట్విన్ వైరును మధ్యకు చీల్చి రెండు విడి తీగలు చేసుకో. ఒక తీగను అర మీటరు మేర తిన్నగా లాగి దిక్సూచి మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోనివ్వు. రెండో తీగను కనీసం అర మీటరు ఎడంగా తిప్పి తీసుకురా. అంత దూరంలో ఉన్న తీగ దిక్సూచి దగ్గర కలిగించేది 1.2 మైక్రోటెస్లానే, అందులోనూ దాదాపు అంతా నిలువు. అర మీటరు పొడవుంటే 2 సెంటీమీటర్ల దూరానికి అది ఆచరణలో అనంతమైన తీగే, తేడా ఒక శాతం కూడా రాదు. బ్యాటరీ, సుత్తులు, స్పానర్లు దూరంగా పెట్టు. షెడ్డులో ఇనుప బల్ల మీద చేయకు, చెక్క బల్ల గానీ ప్లాస్టిక్ స్టూలు గానీ చూసుకో. ఫోను కూడా దగ్గర పెట్టుకోకు, స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. బల్బు లేకుండా తీగను బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తగిలించవద్దు, అది షార్ట్ సర్క్యూట్, తీగ కాలిపోతుంది.

కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ తీగ సూదికి పైన ఉంటే ఉత్తర ధ్రువం పడమరకు తిరగాలి. కుడిచేతి బొటనవేలి నియమంతో సరిచూసుకో. బొటనవేలు కరెంటు వైపు, మడిచిన వేళ్లు క్షేత్రం వైపు. దిక్సూచిని తీగ పైన పెడితే సూది తూర్పుకు తిరుగుతుంది.

ఒక్కసారి 37 డిగ్రీలు వచ్చిందని ఆపేయకు. రాకపోయినా దిగులు పడకు. ఎత్తు కొలవడంలో 2 మిల్లీమీటర్లు తేడా పడితే జవాబు 34 నుంచి 40 దాకా ఎటైనా పోతుంది. దానికన్నా మంచి పని, ఎత్తు మార్చుతూ చూడు. 3 సెంటీమీటర్ల దగ్గర 27 డిగ్రీలకు కొంచెం తక్కువ, 4 దగ్గర 21 దరిదాపు, 6 దగ్గర 14 రావాలి. ప్రతిసారీ కోణపు టాంజెంట్‌ను ఎత్తుతో గుణించు. ఆ లబ్ధం మారకుండా 1.5 దగ్గర ఉంటే, దూరం పెరిగినకొద్దీ క్షేత్రం విలోమంగా తగ్గుతుందని నీ చేతుల్తో నువ్వే రుజువు చేసినట్టు. బ్యాటరీ కొసలు మార్చి రెండో వైపు కోణం కూడా తీసుకుని సగటు కట్టు. పాత ల్యాబుల్లో టాంజెంట్ గాల్వనోమీటర్‌తో ఇదే చేయించేవాళ్లు.

తీగను తూర్పు పడమరలుగా పెడితే ఏమవుతుందో కూడా చూడమంటాను. అప్పుడు తీగ క్షేత్రం భూమి క్షేత్రం ఉన్న గీతలోనే ఉంటుంది, కలుస్తుంది లేదా తగ్గిస్తుంది. సూది పక్కకు తిరగడానికి కారణమే లేదు. తీగ క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురుగా ఉండి, తీగను ఒకటిన్నర సెంటీమీటరు కన్నా దగ్గరకు తెస్తే మాత్రం తీగ బలం 40 దాటుతుంది. సూది ఒక్కసారిగా వెనక్కి తిరిగి దక్షిణం చూపిస్తుంది. పిల్లలకు చూపిస్తే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

తిరుగు తీగ ఎప్పుడూ నష్టమే చేస్తుందని కూడా అనుకోవద్దు. ఆ తీగను దిక్సూచికి 2 సెంటీమీటర్ల కింద నుంచి వెనక్కి తీసుకుపో. పైన ఉత్తరానికి పోయే కరెంటు, కింద దక్షిణానికి పోయే కరెంటు, రెండూ సూదిని పడమరకే లాగుతాయి. 60 మైక్రోటెస్లా. కోణం 56 డిగ్రీలు. కరెంటు పోయే తీగ దగ్గర దిక్సూచి సూది కదులుతుందని చూపిన తన ప్రయోగాన్ని కోపెన్‌హేగెన్‌లో ఆయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త 1820 జులై 21న లాటిన్‌లో అచ్చు వేసి ప్రకటించాడు. ఆ ఏడాది సెప్టెంబరు కల్లా జర్మనీలోని హాలెలో ష్వైగర్ అనే ఆయన సూది చుట్టూ తీగను చుట్లు చుట్లుగా తిప్పి చిన్న కరెంటుకు కూడా సూది కదిలేలా చేశాడు. మీ ల్యాబులో ఉన్న గాల్వనోమీటర్ ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

ఇక మోటారు కేబుల్. సబ్‌మర్సిబుల్ మోటారుకు పోయే కేబుల్లో మూడు కోర్లుంటాయి, మూడు ఫేజులు. ఒక్కోదాంట్లో 8 ఆంపియర్లు ఉన్నా, ఏ క్షణంలో చూసినా మూడింటి మొత్తం సున్నా. ఒకదాంట్లో పోయేది మిగతా రెండింట్లో తిరిగొస్తుంటుంది. దానికి తోడు అది ఏసీ, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దిక్సూచి సూదికి అంత వేగంగా ఊగే ఓపిక లేదు, ఫోన్ యాప్ సగటు చూపిస్తుంది, ఆ సగటు సున్నా. కాబట్టి అక్కడ నీకు రెండు అడ్డంకులు. ఏసీ తీగతో ఇలాంటి ప్రయోగాలు చేయొద్దు కూడా. ఇన్సులేషన్ చీల్చి కోర్లు విడదీసే ఆలోచన ఉంటే మానుకో.

కానీ ఆ కేబుల్‌తోనే ఆంపియర్ నియమాన్ని కళ్లతో చూడొచ్చు. మీ ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర టాంగ్ టెస్టర్ ఉంటుంది. దవడలు తెరిచి తీగ చుట్టూ మూస్తే కరెంటు ఎంతో చెప్పే మీటర్. స్టార్టర్ పెట్టె దగ్గర కోర్లు విడివిడిగా ఉన్న చోట ఒక్క ఫేజును పట్టి చూపించమని ఆయన్నే అడుగు. 8 ఆంపియర్లు చూపిస్తుంది. తర్వాత మూడు కోర్లున్న మొత్తం కేబుల్‌ను దవడల్లో పెట్టమను. సున్నా, లేదా సున్నాకు దగ్గర. తీగ దవడల మధ్యన ఉందా, ఒక పక్కకు ఆనుకుని ఉందా అన్నదానితో రీడింగ్ పెద్దగా మారదు.

ఆంపియర్ నియమం చెప్పేది సరిగ్గా అదే. తీగ చుట్టూ మూసిన దారిలో ఒక ప్రదక్షిణ చేస్తున్నావనుకో. ప్రతి అడుగులో, అడుగు వేసే దిశలో క్షేత్రం ఎంతుందో చూసి దాన్ని అడుగు పొడవుతో గుణించి కూడుకుంటూ పోతే, చివరికి వచ్చే మొత్తం లోపలి నికర కరెంటును మ్యూనాట్ అనే స్థిరాంకంతో గుణిస్తే వచ్చేదే. దారి గుండ్రంగా ఉన్నా, వంకరగా ఉన్నా అంతే. మన ఇళ్లలో పెట్టే, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ కూడా ఇదే లెక్క మీద పనిచేస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే ఇనుప వలయం గుండా పోతాయి. పోయిన కరెంటు మొత్తం తిరిగొస్తే వలయంలో ఏమీ ఉండదు. ఎవరి ఒంటి గుండానో భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే నికరం సున్నా కాదు, స్విచ్ పడిపోతుంది. కొన్ని పొలాల్లో ఫేజు ఒక్కటే లాక్కొచ్చి న్యూట్రల్ బదులు భూమిలో రాడ్డు కొట్టి బల్బులు వెలిగించే అలవాటు ఉంది. అక్కడ తిరిగొచ్చే దారి మట్టిలో ఉందన్నమాట. ఆ రాడ్డు దగ్గర తడి నేల మీద కాలు పెట్టడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే, మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తుంటే ఆపించు.

పొడవైన తీగకు ఆంపియర్ నియమం ఎందుకంత సులువుగా పనిచేస్తుందంటే, తీగ చుట్టూ ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి. వృత్తం మీద ప్రతిచోటా క్షేత్రం ఒకే విలువ. అందుకని క్షేత్రాన్ని వృత్త పరిధితో గుణిస్తే చాలు, కూడికల గొడవే లేదు. బి × 2 × పై × ఆర్ = మ్యూనాట్ × ఐ (బి క్షేత్రం, ఆర్ దూరం, ఐ కరెంటు). మ్యూనాట్ విలువ 4 × పై × 10⁻⁷ అని పెడితే పై రెండు వైపులా పోయి 2 × 10⁻⁷ మిగులుతుంది. ఈ లెక్కల్లో 3.14తో కుస్తీ పట్టే పిల్లలను చూస్తే నాకు విసుగొస్తుంది. 2 × 10⁻⁷ ఒక్కటి గుర్తుంటే పొడవైన తీగ లెక్కలు నోటితో చెప్పేయొచ్చు. 2019 మే 20 నుంచి ఆంపియర్ నిర్వచనం మారింది. మ్యూనాట్ ఇప్పుడు కొలిచి తెలుసుకునే విలువే తప్ప ముందే నిర్ణయించింది కాదు. ఆ తేడా ఎక్కడో పదో అంకె దగ్గర ఉంటుంది, పరీక్షకు నువ్వు పట్టించుకోనక్కర్లేదు.

చతురస్రం దగ్గర ఆ సౌలభ్యం పోతుంది. ఒక్కో భుజం పొట్టి తీగ. పొట్టి ముక్కకు ఒక్కదానికే ఆంపియర్ నియమం వాడకూడదు, ఎందుకంటే కరెంటు ముక్క చివర గాలిలో ఆగిపోదు, మూల తిరిగి పక్క భుజంలోకి పోతుంది. ప్రదక్షిణ దారి మీద ఒక ముక్కే కాదు, మిగతా మూడు భుజాల ప్రభావం కూడా ఉంటుంది, ఆ దారి మీద క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా కూడా ఉండదు. నియమం అప్పుడూ నిజమే, దాంతో లెక్క మాత్రం తెగదు. ఇక్కడ బయో-సవర్ట్ నియమం పట్టుకోవాలి. తీగలో ప్రతి చిన్న ముక్కా తన వంతు క్షేత్రం ఇస్తుంది, దూరం వర్గానికి విలోమంగా. అన్నీ కూడితే తిన్నని ముక్కకు వచ్చే సూత్రం ఇది:

బి = 10⁻⁷ × ఐ ÷ ఆర్ × (సైన్ థీటా1 + సైన్ థీటా2)

ఆర్ అంటే నీ బిందువు నుంచి తీగకు గీసిన లంబం పొడవు. థీటాలు ఆ లంబానికీ, తీగ రెండు చివరలను బిందువుతో కలిపే గీతలకూ మధ్య కోణాలు. కొన్ని గైడ్లలో సైన్ బదులు కాస్ ఉంటుంది. వాళ్లు కోణాన్ని తీగ దగ్గర కొలుస్తారు, లంబం దగ్గర కాదు. రెండూ ఒకటే, కలిపి వాడితేనే ప్రమాదం. కంఠస్థం చేయడం కన్నా బొమ్మ గీసుకుని కోణం ఎక్కడ గుర్తు పెట్టారో చూడు. లంబం తీగ మీద కాకుండా తీగను పొడిగించిన చోట పడితే రెండు సైన్‌లను కూడకుండా తీసివేయాలి.

తీగ రెండు వైపులా అనంతంగా సాగితే థీటాలు రెండూ 90 డిగ్రీలవుతాయి, కుండలీకరణాల్లో 1 + 1 = 2. నీకు తెలిసిన 2 × 10⁻⁷ లోని 2 అక్కడిదే, ఒక్కో వైపు నుంచి ఒక్కొక్క ఒకటి. తీగ నీ ఎదురుగా మొదలై ఒక వైపే అనంతంగా పోతే సగమే వస్తుంది. ఎంసెట్ కాలం నుంచి ఇప్పటి ఎప్‌సెట్ దాకా ఈ సగం తీగ లెక్కను అర్ధవృత్తానికి అతికించి అడగడం పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇష్టమైన పని.

ఇప్పుడు నీ చతురస్రం. భుజం 10 సెంటీమీటర్లు, కరెంటు 3 ఆంపియర్లు అనుకుందాం. కేంద్రం నుంచి ఒక్కో భుజానికి లంబం 5 సెంటీమీటర్లు, కోణాలు 45, 45. ఒక భుజం ఇచ్చేది 6 మైక్రోటెస్లా × 1.414, అంటే 8.5. నాలుగు భుజాలూ ఒకే దిశలో ఇస్తాయి కాబట్టి మొత్తం 34 మైక్రోటెస్లా. నువ్వు అనంతమైన తీగ సూత్రం వాడితే ఒక్కోటి 12, మొత్తం 48 వస్తుంది. సరిగ్గా రూట్ 2 రెట్లు ఎక్కువ. లేని తీగను కూడా లెక్కలోకి తీసుకున్నావు, అంతే.

ఎంత పొడవుంటే పొడవైన తీగ అనుకోవచ్చని తర్వాత అడుగుతావేమో. మధ్య బిందువు దగ్గర తీగ పొడవు దూరానికి రెట్టింపే ఉంటే అనంతమైన తీగ విలువలో 71 శాతం వస్తుంది, నాలుగు రెట్లుంటే 89, పది రెట్లుంటే 98. ఇంట్లో ప్రయోగానికి పది రెట్లు చాలు.

ఈ నియమానికి పేరిచ్చిన బయో, సవర్ట్ ఇద్దరికీ కూడా అనంతమైన తీగ దొరకలేదు మరి. 1820 సెప్టెంబరు 11న పారిస్ అకాడమీలో అరాగో అనే శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ ప్రయోగాన్ని చేసి చూపించాడు. వారం తిరిగేసరికి ఆంపియర్ తన మొదటి ఫలితాలు చదివాడు. అక్టోబరు 30న బయో, సవర్ట్ తమవి ప్రకటించారు. వాళ్లు పొడవైన తీగను నిలువుగా బిగించి, దాని దగ్గర చిన్న అయస్కాంత సూదిని ఊగనిచ్చి, ఊగే కాలాన్ని లెక్కపెట్టారు. క్షేత్రం ఎక్కువైతే సూది వేగంగా ఊగుతుంది. ఊగే వేగం వర్గం క్షేత్రానికి అనులోమంగా ఉంటుంది. అలా దూరంతో విలోమంగా తగ్గుతుందని తేల్చారు. అందులోంచి చిన్న ముక్కకు దూరం వర్గంతో తగ్గుతుందని లెక్క తీసింది గణిత శాస్త్రవేత్త లాప్లాస్. పుస్తకంలో ముక్క సూత్రం ముందు వచ్చి పొడవైన తీగ తర్వాత వస్తుంది, చరిత్రలో జరిగింది దానికి తలకిందులు.

ఇక మీ అమ్మగారి టెన్షన్. ఆమెకు ఈ అంకెలు చదివి వినిపించు. 132 కేవీ లైనులో ఒక్కో ఫేజులో 300 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. ఒక్క తీగే ఉన్నట్టు లెక్కవేస్తే 50 మీటర్ల దూరంలో 1.2 మైక్రోటెస్లా. కానీ నువ్వు మోటారు కేబుల్లో చూసిందే ఇక్కడా జరుగుతుంది. మూడు ఫేజులు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేస్తాయి. తీగల మధ్య ఎడం 4 మీటర్లు, మూడూ ఒక వరసలో ఉన్నాయనుకుంటే, ఒంటి తీగ విలువను రూట్ 3తో, ఎడంతో గుణించి దూరంతో భాగించాలి. 1.2 × 1.73 × 4 ÷ 50, అంటే 0.17 మైక్రోటెస్లా దగ్గర. దూరం రెట్టింపైతే ఇది సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. లైను కిందే, తీగలకు 10 మీటర్ల దూరంలో నిలబడితే ఇదే లెక్కకు 4 మైక్రోటెస్లా చిల్లర వస్తుంది. దగ్గరగా ఉన్నప్పుడు ఈ ఉజ్జాయింపు అంత కచ్చితం కాదు గానీ, అంకె ఏ స్థాయిదో తెలుస్తుంది.

సాధారణ ప్రజలకు 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం 200 మైక్రోటెస్లా దాటకూడదని ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం 2010లో మార్గదర్శకాలిచ్చింది. మీ ఇంటి దగ్గర ఉన్నది దాంట్లో వెయ్యో వంతు కూడా కాదు. వంటింట్లో మిక్సీకి ఆనుకుని పదుల మైక్రోటెస్లాలు ఉండటం మామూలే, ఒక అడుగు వెనక్కి జరిగితే అది చాలావరకు పోతుంది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇలాంటి క్షేత్రాలను 2బి వర్గంలో, అంటే 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అన్న జాబితాలో పెట్టింది. సగటున 0.3, 0.4 మైక్రోటెస్లా కన్నా ఎక్కువ ఉన్న ఇళ్లలోని పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) కాస్త ఎక్కువగా కనిపించిందన్న అధ్యయనాలు దానికి ఆధారం. దానికి క్షేత్రమే కారణమని రుజువు కాలేదు. మన లెక్క ప్రకారం మీ ఇల్లు ఆ గీతకు కూడా కిందే ఉంది. అమ్మ నిశ్చింతగా ఉండొచ్చు.

ఆమె భయపడాల్సింది వేరే ఉంది. 132 కేవీ లైనుకు దారిగా వదలాల్సిన వెడల్పు 27 మీటర్లు, అంటే మధ్య నుంచి అటూ ఇటూ పదమూడున్నర. ఆ మేరలో కొత్త గది కట్టడం, ఎత్తుగా పెరిగే చెట్లు పెట్టడం, గడ్డివాము వేయడం వద్దు. బోరు పైపులు పైకి లాగేటప్పుడు, ఇనుప నిచ్చెన భుజాన వేసుకుని పోయేటప్పుడు పైన లైను ఉందేమో చూసుకోమను. అంత వోల్టేజీ దగ్గర తీగకు తగలనక్కర్లేదు, దగ్గరకు పోతే చాలు, గాలిలోంచే దూకుతుంది. లైన్ల కింద జరిగే ప్రమాదాలు అయస్కాంత క్షేత్రం వల్ల కావు, ఇలాంటి వాటి వల్లే.

మిగిలింది నీ చిన్న డౌటు. దూరాన్ని తీగ మధ్య నుంచే కొలవాలి. తీగ గుండ్రంగా ఉండి కరెంటు దాని మందమంతా సమానంగా పరుచుకుని పోతుంటే, బయట ఉన్న బిందువుకు ఆ కరెంటంతా మధ్య గీతలోనే పోతున్నట్టు ఉంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వ్యాసార్ధం 0.9 మిల్లీమీటరు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు అదనం. పైపై అంచు నుంచి కొలిస్తే 2 సెంటీమీటర్ల దగ్గర జవాబు ఐదు శాతమో, ఇంకొంచెమో ఎక్కువ వస్తుంది. దిక్సూచి వైపు కూడా సూది ఉన్న ఎత్తు నుంచే కొలువు, పైన అద్దం నుంచి కాదు. తీగ లోపలికి పోతే లెక్క మారుతుంది. లోపల క్షేత్రం మధ్యలో సున్నా, బయటికి వచ్చేకొద్దీ దూరంతో పాటు పెరుగుతూ తీగ ఉపరితలం దగ్గర అన్నిటికన్నా ఎక్కువవుతుంది. నీ 3 ఆంపియర్లకు ఆ ఉపరితలం మీద దాదాపు 670 మైక్రోటెస్లా ఉంటుంది. వైరు చీల్చి చేశాక ఎన్ని డిగ్రీలు వచ్చాయో, ఎత్తుతో పాటు రాసి పంపు.